డౌన్‌లోడ్ టెస్టింగ్: ఫోల్డర్‌ను కాపు కాయడమా, సర్వర్‌ను నేరుగా అడగడమా? ఏది మేలు?

విశాఖపట్నం మధురవాడలో కూర్చుని మేము పరీక్షించే అప్లికేషన్‌ను పోర్టు చుట్టుపక్కల పనిచేసే క్లియరింగ్ ఏజెంట్లు పొద్దున్నుంచి రాత్రి దాకా వాడతారు. వారికి తెర మీద కనబడేదానికంటే చేతికొచ్చే ఫైలే ముఖ్యం. బిల్లు పీడీఎఫ్, కంటైనర్ల జాబితా ఎక్సెల్ దిగితేనే వారి పని ముందుకు కదులుతుంది. ఒక రాత్రి మా ఆటోమేషన్ రన్‌లో (టెస్టులను ప్రోగ్రామే నడిపేది) టెస్టులన్నీ పాసయిన గంటకే ఒక పెద్దాయన ఫోన్ చేసి, "ఫైలు దిగింది బాబూ, తెరుచుకోవట్లేదు" అన్నారు. ఆ పీడీఎఫ్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే అందులో ఉన్నది మా లాగిన్ పేజీ హెచ్‌టీఎంఎల్, అంటే వెబ్ పేజీ కోడ్. సెషన్ గడువు (లాగిన్ చెల్లే సమయం) ముగియడంతో సర్వర్ లాగిన్ పేజీకి మళ్లించింది, ఆ పేజీయే బిల్లు పేరుతో సేవ్ అయింది. మా టెస్ట్ అడిగినది ఒక్కటే: ఫైలు ఉందా, దాని సైజు సున్నా కంటే ఎక్కువా? రెండింటికీ అవుననే జవాబు వచ్చింది.

డౌన్‌లోడ్‌ను పరీక్షించడానికి వాడుకలో మూడు దారులున్నాయి. మొదటిది అందరూ ముందుగా పట్టేది: బ్రౌజర్‌కు ఒక డౌన్‌లోడ్ ఫోల్డర్ చూపించి, బటన్ నొక్కించి, ఫైలు వచ్చేదాకా ఆ ఫోల్డర్‌ను కాపు కాయడం. వాడేవారు చేసే పనిని ఉన్నదున్నట్టు చేస్తుంది కనుక ఇది నమ్మకంగా కనిపిస్తుంది, కానీ దీని బాధలు అనుభవిస్తేనే తెలుస్తాయి. ఫైలు దిగుతున్నంతసేపు క్రోమ్ దాని పేరు చివర ‘సీఆర్‌డౌన్‌లోడ్’ అనీ, ఫైర్‌ఫాక్స్ ‘పార్ట్’ అనీ తగిలిస్తాయి. ఏదో ఒక ఫైలు కనబడగానే చాలనుకునే టెస్ట్ ఆ సగం ఫైలునే తీసుకుని ముందుకు వెళ్లిపోతుంది. నిన్నటి ఫైలు ఫోల్డర్‌లో మిగిలి ఉంటే క్రోమ్ కొత్తదానికి బ్రాకెట్లో 1 చేర్చి సేవ్ చేస్తుంది, టెస్ట్ మాత్రం పాత ఫైలునే చదివి పాసవుతుంది. బ్రౌజర్‌ను ప్రోగ్రామ్‌తో నడిపించే పరికరం సెలీనియం. టెస్టులను వేరే మెషీన్లకు పంచే దాని గ్రిడ్ మీద నడిపితే ఫైలు దిగేది వేరే మెషీన్‌లో. అక్కడి నుంచి తెచ్చుకునే సదుపాయం సెలీనియం 4లో ఉన్నా దాన్ని విడిగా ఆన్ చేసుకోవాలి. డౌన్‌లోడ్ ఎంతవరకు వచ్చిందో తమ ఏపీఐ (ప్రోగ్రాములు వాడుకునే ఆదేశాలు) చెప్పదు కాబట్టి ఇది అంత మంచి పద్ధతి కాదని సెలీనియం డాక్యుమెంటేషనే అంటోంది.

ఆ డాక్యుమెంటేషన్ సూచించేది రెండో దారిని. పేజీలోని లింకును, బ్రౌజర్ కుకీలను (లాగిన్ గుర్తును దాచుకునే చిన్న సమాచారం) తీసుకుని, బ్రౌజర్ లేకుండానే సర్వర్‌ను అడగగల ఒక హెచ్‌టీటీపీ లైబ్రరీతో ఫైలును సర్వర్ నుంచి నేరుగా తెచ్చుకోవడం. ఇందులో ఎదురుచూపు లేదు, ఫోల్డర్ లేదు. స్టేటస్ కోడ్ (సర్వర్ జవాబు ఏ రకమో చెప్పే అంకె), కంటెంట్-టైప్ (వచ్చినది ఏ రకం ఫైలో చెప్పే మాట), ఫైలు బైట్లు అన్నీ చేతిలోనే ఉంటాయి. మా లాగిన్ పేజీ ఉదంతం ఇక్కడైతే కంటెంట్-టైప్ చూసిన మొదటి లైనులోనే బయటపడేది. అయితే లాగిన్ కుకీలో కాక టోకెన్ (లాగిన్‌కు గుర్తుగా ఇచ్చే సంకేతం) రూపంలో ఉంటే దాన్ని హెడర్‌లో, అంటే అభ్యర్థనతో పాటు వెళ్లే వివరాల్లో, విడిగా పెట్టుకోవాలి. జావాస్క్రిప్ట్ బ్రౌజర్‌లోనే తయారుచేసే బ్లాబ్ ఫైళ్ల విషయంలో మాత్రం ఈ దారి పూర్తిగా మూసుకుపోతుంది, ఎందుకంటే అడగడానికి సర్వర్ దగ్గర ఆ ఫైలే ఉండదు. బటన్ నిజంగా పనిచేస్తోందా అన్నదీ దీనివల్ల తెలియదు.

మూడోది ప్లేరైట్ వంటి బ్రౌజర్ నడిపించే పరికరాలు ఇచ్చే డౌన్‌లోడ్ ఈవెంట్, అంటే డౌన్‌లోడ్ మొదలైందని టెస్ట్‌కు అందే కబురు. బటన్ నొక్కే ముందే ఈవెంట్ కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాలి. నొక్కిన తరువాత మొదలుపెడితే చిన్న ఫైళ్ల విషయంలో ఈవెంట్ అప్పటికే జారిపోయి ఉండవచ్చు. కాంటెక్స్ట్ (ఆ టెస్ట్ కోసం తెరిచిన విడి బ్రౌజర్ సెషన్) మూసేయగానే దిగిన ఫైలు చెరిగిపోతుంది కనుక కావాలంటే ముందే వేరేచోట సేవ్ చేసుకోవాలి. ఈ రెండు జాగ్రత్తలు మినహా దీనితో నాకు ఇబ్బంది ఎదురుకాలేదు.

తెలుగు పేర్లున్న ఫైళ్ల దగ్గర ఈ దారుల మధ్య తేడా స్పష్టంగా తెలుస్తుంది. ‘నివేదిక’ అన్న మాటలో 7 యూనికోడ్ సంకేతాలున్నాయి (అక్షరం, గుణింతం గుర్తు విడివిడిగా లెక్క). వాటిని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్కదానికి 3 బైట్ల చొప్పున 21 బైట్లవుతాయి, ఫైలు పేరును మోసే కంటెంట్-డిస్పొజిషన్ హెడర్‌లో శాతం గుర్తులతో రాసేసరికి అవే 63 అక్షరాలవుతాయి. ఇలాంటి పేరును నక్షత్రం గుర్తున్న వేరే పారామీటర్‌లో పంపాలని 2011 నాటి ఇంటర్నెట్ ప్రమాణం ఆర్‌ఎఫ్‌సీ 6266 చెబుతుంది. సర్వర్ ఆ నియమం పాటించిందా అన్నది నేరుగా అడిగితే తెలుస్తుంది. బ్రౌజర్ దాన్ని తిరిగి ‘నివేదిక’గా చదివిందా అన్నది ఈవెంట్ ఇచ్చే పేరును బట్టి తెలుస్తుంది. లినక్స్‌లో ఫైలు పేరుకు సాధారణంగా 255 బైట్లే హద్దు కాబట్టి, 85 తెలుగు సంకేతాలతోనే అది నిండిపోతుందన్నది కూడా టెస్ట్ రాసేవారు గుర్తుంచుకోవాలి.

ఫైలు లోపలి సంగతి ఏ దారిలో వెళ్లినా తప్పదు. సీఎస్‌వీ (కామాలతో విడదీసిన పట్టిక ఫైలు) మొదట్లో యూటీఎఫ్-8 అని తెలిపే 239, 187, 191 అనే మూడు బైట్లు లేకపోతే విండోస్ ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేసి తెరిచినప్పుడు ‘గాజువాక’ అన్న పేరు గజిబిజి గుర్తులుగా కనబడవచ్చు. పైథాన్‌తో యూటీఎఫ్-8గా చదివే టెస్ట్‌కు మాత్రం అంతా సవ్యంగానే తోస్తుంది. అందుకే ఆ మూడు బైట్లను విడిగా చూడాలి. పీడీఎఫ్‌లకు హ్యాష్ (ఫైలు బైట్ల నుంచి లెక్కగట్టే వేలిముద్ర వంటి సంఖ్య) పోల్చడం వృథా, సాధారణంగా తయారైన సమయం వాటిలో నమోదవుతుంది కనుక ప్రతిసారీ హ్యాష్ మారుతుంది. పీడీఎఫ్ నుంచి తెలుగు పాఠాన్ని వెలికితీస్తే ఒత్తులు, గుణింతాలు తరచూ చెదురుతాయి. నేనైతే బిల్లు నంబరు, మొత్తం సొమ్ము వంటి అంకెలనే పోలుస్తాను.

కాబట్టి సర్వర్ తయారుచేసే ఫైళ్ల లోపలి పరీక్షలన్నింటికీ నేరుగా అడగడమే మేలని నా నిశ్చయం. బ్రౌజర్ తయారుచేసే ఫైళ్లకు, ఒక్కో రకం బటన్‌కు ఒక్కసారి చొప్పున ఈవెంట్ చాలు. ప్లేరైట్‌లో ఈ రెండూ ఒకే కుకీలను పంచుకోగలవు కనుక రెండు లాగిన్‌లు రాయనక్కరలేదు. ఇప్పటికే వందల సెలీనియం టెస్టులున్నవారు వాటిని పారేయకుండా, లోపలి పరీక్షలను మాత్రం రెండో దారికి మార్చి, మిగిలిన కొద్దిపాటి ఫోల్డర్ టెస్టుల్లో ఒక్కొక్కదానికీ ఖాళీ ఫోల్డర్ విడిగా ఇస్తే సరిపోతుంది. ఆ ఫోన్ వచ్చిన మర్నాడు మేము రాసిన మొదటి టెస్టూ నేరుగా అడిగేదే: గడువు తీరిన కుకీతో బిల్లు అడిగి, దారి మళ్లింపును వెంబడించవద్దని లైబ్రరీకి చెప్పి, దారి మళ్లించే 302 బదులు, లాగిన్ కావాలని చెప్పే 401 వస్తోందా అని చూస్తుంది. అది మొదటిసారి ఫెయిలయ్యాకే సర్వర్ టీము ఆ మళ్లింపును సరిదిద్దింది.