అయిదేళ్ళుగా కడుతున్న మోకాలి బ్రేస్: సార్వా గట్ల నుంచి గుల్మార్గ్ మంచు దాకా

కుడి మోకాలికి హింజ్ (తలుపు బందులా మడిచే కీలు) ఉన్న బ్రేస్ కట్టడం మొదలుపెట్టి అయిదేళ్ళు దాటింది. రాజోలు దగ్గర ఒక హైస్కూల్లో పీఈటీగా పనిచేస్తున్నాను. 2019 ఆగస్టులో ఆడపిల్లలకు కబడ్డీ నేర్పిస్తూ, కూతకు వచ్చిన పిల్ల చేతికి అందకుండా పక్కకు తిరగబోయాను. కాలు తడి మట్టిలో దిగబడిపోయింది, ఒళ్ళు మాత్రం తిరిగింది. మోకాల్లో టప్‌మన్న చప్పుడు. ఏసీఎల్, అంటే మోకాలి లోపల ఎముకలను పట్టి ఉంచే లిగమెంటు, తెగింది. అక్టోబరులో ఆపరేషన్ అయింది. ఆ కాలితోనే తర్వాత పొలం గట్లు తిరిగాను, గోదావరి దాటించే పంటు ఎక్కాను, రెండుసార్లు కశ్మీర్‌లోని గుల్మార్గ్ వెళ్ళి స్కీయింగ్ కూడా చేశాను. మోకాలు బాగోలేనివాళ్ళు మంచు మీదకు వెళ్ళొచ్చా, బ్రేస్ కడితే సరిపోతుందా అని తెలిసినవాళ్ళు చాలామంది అడుగుతున్నారు. నా కాలికి జరిగింది జరిగినట్టు చెబుతాను.

ముందు కొన్నది మందుల షాపులో దొరికే 400 రూపాయల నీ క్యాప్, మోకాలికి తొడిగే సాగే గుడ్డ. వెచ్చగా ఉంటుంది, కాస్త ధైర్యంగా అనిపిస్తుంది. మోకాలు పక్కకు జారితే ఆపే శక్తి దానికి లేదు. 2020 జనవరిలో 2,800 పెట్టి అసలు బ్రేస్ కొన్నాను. రబ్బరు తొడుగుకు అటూ ఇటూ అల్యూమినియం బద్దలు, మధ్యలో హింజ్, నాలుగు వెల్క్రో పట్టీలు. షాపతను నా కాలు కొలవలేదు, కంటితో చూసి లార్జ్ ఇచ్చేశాడు. రెండో పీరియడ్ అయ్యేసరికి అది పిక్క మీదకు జారిపోయేది. హింజ్ రెండంగుళాలు కిందకు దిగితే, మోకాలు వంగే చోటు ఒకటి, బ్రేస్ వంగే చోటు ఇంకొకటి. రాసుకుని చర్మం లేచిపోయింది.

ఫిజియోథెరపిస్ట్ గారు టేపు తీసి మోకాలి చిప్ప మధ్య నుంచి 15 సెంటీమీటర్లు పైకి గుర్తు పెట్టి తొడ చుట్టూ కొలిచారు. ఎడమది 48, కుడిది 44. "ఎముక మీద కండ కరిగిపోయిందమ్మా, బ్రేస్ దేన్ని పట్టుకుని నిలబడుతుంది?" అన్నారు. షాపులో మార్చడం కుదరదన్నారు. మళ్ళీ 2,800 పెట్టి మీడియం కొన్నాను. నేను ఇప్పటికీ వాడుతున్నది అదే.

కట్టే పద్ధతి ఎవరూ సరిగ్గా చెప్పరు. కుర్చీ అంచున కూర్చుని మోకాలు కొంచెం వంచాలి. హింజ్ మధ్యభాగం చిప్ప మధ్యకు ఎదురుగా రావాలి. మొదట బిగించాల్సింది మోకాలి కింద, పిక్క ఉబ్బుకు పైన ఉండే పట్టీ. బ్రేస్ జారకుండా ఆపేది ఆ ఒక్కటే. తొడ పట్టీలు తర్వాత. పది నిమిషాలు నడిచాక అన్నీ మళ్ళీ ఒకసారి లాగాలి.

మా కోనసీమ వాతావరణం ఈ వస్తువుకు పడదు. ఏప్రిల్, మే నెలల్లో గంట కడితే లోపల చెమట కారిపోతుంది, చెమటకాయలు లేస్తాయి. కింద పల్చటి కాటన్ గుడ్డ వేస్తే హాయిగా ఉంటుంది గానీ జారుతుంది. చివరికి ఒంటి మీదే కట్టి, రెండు గంటలకోసారి విప్పి తుడుచుకోవడం అలవాటు చేసుకున్నాను. వర్షాకాలంలో ఉతికితే రెండు రోజులైనా ఆరదు. ఎండలో వేస్తే రబ్బరు బిరుసెక్కుతుంది, అందుకని ఫ్యాను కిందే.

ఇంకో బాధ కొబ్బరి పీచు. మా దొడ్లో కాయలు వలుస్తుంటే ఆ సన్నపోగులు వచ్చి వెల్క్రో కొక్కేల్లో పడతాయి. నెల తిరిగేసరికి పట్టీ అంటుకోవడం మానేస్తుంది. ఆదివారం పూట పట్టీ ఒళ్ళో పరుచుకుని, సూదితో ఒక్కో పోగూ లేపి, పాత టూత్‌బ్రష్‌తో అడ్డంగా గీకుతాను. గోధుమరంగు పీచు చిన్న ఉండగా చేతిలోకి వస్తుంది. అప్పుడు పట్టీ మళ్ళీ చర్రుమని పట్టుకుంటుంది. రెండేళ్ళకు కొక్కేలే అరిగిపోయాయి. కంపెనీకి ఫోన్ చేస్తే పట్టీలు విడిగా దొరకవన్నారు. మా వీధి టైలర్ 120 రూపాయలకు కొత్త వెల్క్రో కుట్టి ఇచ్చాడు, మొదటిదానికన్నా గట్టిగా ఉంది. హింజ్ స్క్రూలకు తుప్పు పడితే రోజూ ఒక చుక్క కుట్టు మిషన్ నూనె.

ఇన్ని తిప్పలున్నా దీన్ని వదలకపోవడానికి కారణం ఉంది. 2021 సార్వా (వానాకాలపు వరి) నాట్లప్పుడు నాన్నకు అన్నం పట్టుకెళ్తూ గట్టు మీద జారాను. కాలు చేలోకి, ఒళ్ళు కాలవ వైపు. మోకాలు లోపలికి ఒరగబోతూ, బయటి బద్ద తొడకు గట్టిగా నొక్కుకుని ఆగిపోయింది. మర్నాటికి తొడ మీద నల్లటి కమిలిన గీత, మోకాలికి వాపు లేదు. కోటిపల్లి రేవులో పంటు ఒడ్డును గుద్దినప్పుడు వచ్చే కుదుపులోనూ అంతే. నొప్పిని తగ్గించదు, మెట్లెక్కేటప్పుడు సాయం చేయదు. మెలిక పడబోయే ఆ ఒక్క క్షణంలో పనికొస్తుంది.

నేను చేసిన తప్పు, మొదట్లో పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా కట్టుకోవడం. లాక్‌డౌన్‌లో ఇంట్లో కూర్చుని కూడా విప్పలేదు. మూడు నెలలకు తొడ 44 దగ్గరే ఆగిపోయింది. ఫిజియో గారు వీడియో కాల్‌లో చూసి కోప్పడ్డారు. అప్పటి నుంచి ఇంట్లో విప్పేసి గోడకు వీపు ఆనించి సగం కూర్చోవడం, మెట్టు ఎక్కి దిగడం, ఒంటికాలి మీద నిలబడటం. బ్రేస్ బయటికి వెళ్ళేటప్పుడే.

స్కీయింగ్ సంగతి. మా తమ్ముడికి శ్రీనగర్‌లో ఉద్యోగం. 2022 ఫిబ్రవరిలో సర్జన్ గారిని అడిగి, ఆయన ఒంటికాలి గెంతులు పెట్టి చూసి సరేనన్నాకే వెళ్ళాను. సముద్ర మట్టానికి కాస్తంత ఎత్తులో పుట్టిపెరిగినదాన్ని, గుల్మార్గ్ 2,650 మీటర్లు. మొదటి రోజు మోకాలికన్నా ముందు ఊపిరి అలిసిపోయింది.

అక్కడ తెలిసొచ్చింది, స్కీ బూటు పిక్క సగం దాకా వస్తుందని. నా బ్రేస్ కింది అంచు సరిగ్గా ఆ బూటు పైఅంచు మీద కూర్చుంది. వంగినప్పుడల్లా బూటు బ్రేస్‌ను పైకి నెట్టింది, హింజ్ చోటు తప్పింది. మర్నాడు అద్దె షాపులోనే బ్రేస్ కట్టుకుని బూట్లు వేసి చూశాను. ఆడవాళ్ళ బూట్లకు పైభాగం కాస్త పొట్టిగా ఉంటుంది, అవి సరిపోయాయి. థర్మల్ ప్యాంటు మీద కడితే జారుతుంది, ఒంటి మీద కట్టి పైన ప్యాంటు వేసుకోవాలి.

స్కీని బూటుకు పట్టి ఉంచే బైండింగ్ ఊడితే మోకాలికి భయం లేదని నేనూ అనుకున్నాను. అది ప్రధానంగా కాలి ఎముక విరగకుండా కాపాడేది. వెనక్కి కూర్చుండిపోతూ పడినప్పుడు అది ఊడకముందే ఏసీఎల్ తెగొచ్చు. అందుకే నేర్పేవాళ్ళు చేతులు ముందుకు, మోకాళ్ళు వంచి ఉంచు, పడితే పూర్తిగా ఆగేదాకా లేవకు అని పదేపదే అంటారు. బైండింగ్ సెట్ చేసేటప్పుడు బరువు తక్కువ చెప్పకండి, ఎక్కువ చెప్పకండి. కొత్తవాళ్ళమని కూడా చెప్పండి.

2006లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో, ఏసీఎల్ ఆపరేషన్ అయిన 820 మంది స్కీ రిసార్టు ఉద్యోగులను గమనిస్తే బ్రేస్ కట్టనివాళ్ళకు మళ్ళీ మోకాలి దెబ్బ తగిలే అవకాశం 2.7 రెట్లు ఎక్కువగా కనిపించింది. నాకు ధైర్యమిచ్చింది అదే. కానీ అది ఫంక్షనల్ బ్రేస్‌ల గురించి, అంటే లిగమెంటు దెబ్బతిన్న మోకాలి కోసం చేసే గట్టి బ్రేస్‌లు. గుల్మార్గ్‌లో ఒకాయన కాలికి చూశాను, కాలి కొలతకు చేయించిన గట్టి ఫ్రేము. నా రబ్బరు బ్రేస్ దానికి సాటి రాదు. ఏటా మంచు మీదకు వెళ్ళేవాళ్ళు, లిగమెంటు తెగి ఆపరేషన్ చేయించుకోనివాళ్ళు నా మాట విని 2,800 దానితో సరిపెట్టుకోవద్దు. కొత్తగా నేర్చుకునే పిల్లల వాలులో, టీచరు పక్కనుండగా మెల్లగా జారాను కాబట్టి నాకు ఇది సరిపోయింది.

2024లో జనవరి చాలావరకు గుల్మార్గ్‌లో మంచే లేదు, ఫిబ్రవరిలో పడ్డాక వెళ్ళాం. మూడో రోజు మధ్యాహ్నం, కాళ్ళు అలిసిపోయాక, వెనక్కి పడ్డాను. బ్రేస్ చోటు కదల్లేదు, మోకాలు వాయలేదు. అది బ్రేస్ పుణ్యమో, లేవకుండా అలాగే పడుకుని జారిపోవడం వల్లో విడదీసి చెప్పలేను. ఆ రోజుకు ఇక చాలని దిగిపోయాను.

ఇప్పుడు స్కూల్లో ఆటల పీరియడ్‌కు, పొలానికి, పంటుకు మాత్రమే కడుతున్నాను. పోయిన వారం టేపు పెట్టి చూస్తే కుడి తొడ 47. ఇంకో సెంటీమీటరు రావాలి.