హైదరాబాద్‌లోనే ఉండాలా, విశాఖ మారాలా, విజయనగరం వెళ్లిపోవాలా? చిన్న పిల్లలున్న ఇంటికి ఏది మేలు?

మా అమ్మాయికి ఆరేళ్లు, ఒకటో తరగతి. బాబుకి రెండున్నర. మియాపూర్‌లో అద్దెకుంటున్నాం. మా ఆయనది ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నేను ఒక చిన్న కంపెనీకి అకౌంట్స్ చూస్తాను, వారంలో నాలుగు రోజులు ఇంటి నుంచే. ఈమధ్య వాళ్ల ఆఫీసులో విశాఖ బ్రాంచికి మారాలనుకునేవాళ్లు పేర్లు ఇవ్వమన్నారు. ఆ రోజు నుంచి రాత్రి పిల్లలు పడుకున్నాక మా ఇద్దరి మధ్యా ఇదే మాట. అత్తగారి ఊరు విజయనగరం, సొంతిల్లు, మేడమీద రెండు గదులు ఖాళీగా ఉన్నాయి. కాబట్టి తేల్చుకోవాల్సింది మూడింటి మధ్య: ఇక్కడే ఉండిపోవడం, విశాఖలో మధురవాడ వైపు ఇల్లు తీసుకోవడం, లేదంటే విజయనగరంలో అత్తయ్య వాళ్ల దగ్గరే ఉండి ఆయన రోజూ విశాఖకి వెళ్లి రావడం.

రెండు నెలలుగా మూడు చోట్లా అద్దెలు, ఫీజులు కనుక్కున్నాం, మాకన్నా ముందు మారినవాళ్లతో మాట్లాడాం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పెద్ద పిల్ల ఇంకా మూడో తరగతి లోపే ఉండి, ఉద్యోగం మారుతున్నట్టు కాగితం చేతికొస్తే విశాఖే మేలు. పిల్లలు ఎనిమిదో తరగతి దాటితే కదలొద్దు. అద్దె తగ్గుతుందని ఈ మాట అనడం లేదు. పిల్లకి జ్వరం వచ్చిన రోజు మనకి సాయం పట్టే మనిషి ఎంత దూరంలో ఉన్నారనేదే నాకు అన్నిటికన్నా పెద్ద లెక్క.

అయినా అందరూ మొదట అడిగేది డబ్బు గురించే కాబట్టి అది చెప్పేస్తాను. ఇక్కడ మాకు మెయింటెనెన్స్‌తో కలిపి అద్దె 29,000. మధురవాడలో అదే సైజు డబుల్ బెడ్‌రూమ్ 17,000కి చూశాం, విజయనగరంలో అద్దె లేదు. స్కూలు ఫీజు బస్సుతో కలిపి ఇక్కడ ఏడాదికి 1,35,000, మధురవాడలో అడిగిన చోట 80,000, విజయనగరంలో 45,000. బాబు డేకేర్‌కి ఇక్కడ నెలకి 11,000 కడుతున్నాం, అక్కడ ఎలాగో ఇంకా చూసుకోలేదు. వింటే చాలా మిగులుతుందనిపిస్తుంది. కానీ సామాన్ల లారీ, కొత్త ఇంటి అడ్వాన్స్, స్కూల్లో మళ్లీ అడ్మిషన్ ఫీజు, కారుకి ఇక్కడి ఆర్టీఏ నుంచి ఎన్ఓసీ తీసుకుని ఆంధ్రాలో మళ్లీ రిజిస్ట్రేషన్, మళ్లీ లైఫ్ టాక్స్, ఇవన్నీ వేసుకుంటే మొదటి ఏడాది మిగిలేది ఈ ఖర్చులకే పోతుంది. మిగులు కనపడేది రెండో ఏడాది నుంచే. ఏడాది ఉండి నచ్చక తిరిగొస్తే మాత్రం ఖచ్చితంగా నష్టమే.

డబ్బు విషయంలో హైదరాబాద్‌ని ఏ ఊరూ కొట్టలేని చోటు ఒకటుంది. ఇక్కడ ఉద్యోగం పోతే అదే రోడ్డులో ఇంకో కంపెనీ దొరుకుతుంది. విశాఖలో ఋషికొండ ఐటీ హిల్స్ దాటితే ఆయన పనికి సరిపోయే ఆఫీసులు తక్కువ. 2025 అక్టోబర్‌లో గూగుల్ అక్కడ పెద్ద డేటా సెంటర్ పెడతామని ప్రకటించింది, టీసీఎస్‌కి స్థలం ఇచ్చారు, మంచిదే. కానీ ప్రకటన వేరు, మనకి ఉద్యోగం ఇచ్చే ఆఫీసు వేరు. వాటిని చూసి ఉన్న ఉద్యోగం మానేసి వెళ్లొద్దని గట్టిగా చెబుతాను. ఉన్న జీతంతోనే బదిలీ అయితేనే వెళ్లండి.

ఇంకో మాట, ఇది ఆడవాళ్లకి. బదిలీ ఆయనకి, ఉద్యోగం మానేసేది మనం. మా చుట్టాల్లో ముగ్గురి ఇళ్లల్లో ఇదే జరిగింది. "ముందు వెళ్దాం, నీకు అక్కడ ఏదో ఒకటి దొరుకుతుందిలే" అంటారు, నాలుగేళ్లయినా ఆ ఏదో ఒకటి దొరకదు, ఇంటి లెక్కల్లో మాత్రం మిగిలిన అద్దె కనిపిస్తుంది కానీ పోయిన జీతం ఎవరికీ కనిపించదు. నేను మా ఆయనకి మొదటి రోజే చెప్పాను, "నా పని పోయే పక్షంలో ఈ మాట ఇక్కడితో ఆపేద్దాం" అని. తర్వాత మా మేనేజర్‌ని అడిగాను, నెలకోసారి హైదరాబాద్ రావాలనే షరతు మీద పూర్తిగా ఇంటి నుంచి చేసుకోమన్నారు. అది ఈమెయిల్‌లో తీసుకున్నాకే అద్దె ఇళ్లు చూడటం మొదలుపెట్టాం.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. పోయిన వర్షాకాలంలో ఒక సాయంత్రం అమ్మాయికి 103 జ్వరం. ఆయన ఆఫీసులో ఇరుక్కుపోయారు, బయట కుండపోత, రోడ్ల నిండా నీళ్లు. బాబు డేకేర్‌లో ఉన్నాడు, ఆరున్నరకి తీసుకెళ్లకపోతే ఎలా అని వాళ్ల ఫోన్. పిల్లని ఒక్కదాన్నే ఇంట్లో వదల్లేను, ఆ జ్వరంలో వానలోకి తీసుకెళ్లలేను. పక్క ఫ్లాట్ ఆవిడ, అప్పటికి పట్టుమని పది మాటలు కూడా మాట్లాడుకోలేదు మేము, వచ్చి అమ్మాయి దగ్గర కూర్చుంది. నేను బాబుని తెచ్చుకునేసరికి ఏడు దాటింది, ఆయన ఇంటికి చేరేసరికి తొమ్మిదిన్నర. ఆవిడ లేకపోతే ఏం చేసేదాన్నో ఇప్పటికీ తెలీదు. ఆ రాత్రి నుంచే నాకు ఈ ఊరు మారాలన్న ఆలోచన గట్టిపడింది.

అలాగైతే విజయనగరమే మేలు కదా అంటారు. అత్తగారూ అదే అన్నారు, "ఏటమ్మా, పిల్లల్ని చూసుకోడానికి మేం లేమా?" అని. ఆవిడ మనస్ఫూర్తిగానే అన్నారు. కానీ సంక్రాంతికి వెళ్లినప్పుడు నేను చూశాను, నాలుగు రోజులు బాబు వెనక పరిగెత్తి, ఐదో రోజు ఆవిడ మంచం మీంచి లేవలేకపోయారు. మామగారికి 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. అమ్మమ్మ, నానమ్మ అంటే మనం డబ్బు కట్టకుండా పెట్టుకునే డేకేర్ కాదు. రోజూ పది గంటలు పిల్లల్ని వాళ్లమీద వదిలేస్తే వాళ్ల ఆరోగ్యమూ పాడవుతుంది, మన మధ్య ఉన్న ప్రేమా పాడవుతుంది. అదే కారులో గంట దూరంలో ఉంటే, శుక్రవారం రాత్రి మనం వెళ్తాం, ఆపద వస్తే వాళ్లొస్తారు. ఒకే ఇంట్లో ఉండటం కన్నా ఆ గంట దూరం రెండు వైపులా మంచిదని నేను అనుకుంటున్నాను. మధురవాడ నుంచి హైవే మీద ఆనందపురం మీదుగా విజయనగరం దారి కాబట్టి విశాఖ ఊళ్లోకి వెళ్లే పని కూడా లేదు.

మా ఆయన రోజూ విజయనగరం నుంచి విశాఖ ఆఫీసుకి తిరగడం ఎలా ఉంటుందో కూడా ఒకసారి చేసి చూశారు. పొద్దున్న గంటంపావు, సాయంత్రం గంటంపావు. హైదరాబాద్‌లో 14 కిలోమీటర్లకి పట్టే టైమే అక్కడ 50 కిలోమీటర్లకి పడుతుంది, బండి నడుపుతుంటే హాయిగానే ఉంటుంది, కాని ఇంట్లో పిల్లలకి నాన్న కనిపించే టైము అంతే. రాత్రి ఎనిమిదికి వచ్చే నాన్న కోసం ఊరు మారనక్కర్లేదు కదా. మధురవాడ నుంచైతే పావుగంట, ఇరవై నిమిషాలు.

ఆసుపత్రుల్లో హైదరాబాద్‌దే పైచేయి, అందులో వాదన లేదు. విశాఖలో పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్ ఉంది, ఆరిలోవ వైపు హెల్త్ సిటీలో పెద్ద ప్రైవేటు ఆసుపత్రులున్నాయి, మధురవాడ నుంచి దగ్గరే. విజయనగరంలో ఘోషాసుపత్రి ఉంది, 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ కూడా వచ్చింది, రోజువారీ దగ్గు జ్వరాలకి డాక్టర్లకి లోటు లేదు. అయితే మా ఆడపడుచు పాపకి ఒక అర్ధరాత్రి ఫిట్స్ వస్తే, తీసుకెళ్లిన చోట మా వల్ల కాదు విశాఖ వెళ్లండన్నారు. అంబులెన్స్‌లో గంటపైన. పిల్ల బాగానే ఉంది ఇప్పుడు, కానీ ఆ గంట గురించి మా ఆడపడుచు చెప్పింది విన్నాక, చంటిపిల్లలున్నంతవరకు పెద్ద ఆసుపత్రికి దగ్గరగా ఉండాలనే నేను అనుకుంటున్నాను.

విశాఖ అంటే అందరూ బీచ్ చెబుతారు, తుపాను చెప్పరు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఎంవీపీ కాలనీలో ఉన్న మా పిన్ని వాళ్లకి తొమ్మిది రోజులు కరెంటు లేదు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్ఆర్ వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ గ్యాస్ లీకై నిద్రలోనే మనుషులు పోయారు. అందుకే ఆ ఊళ్లో ఏ వైపు ఇల్లు తీసుకుంటున్నామనేది చాలా ముఖ్యం. పోర్టుకి దగ్గరగా పాత ఊళ్లో బొగ్గు దుమ్ము, గాజువాక వైపు ఫ్యాక్టరీలు, ఇవి అక్కడివాళ్లే చెబుతారు. మధురవాడ వాటికి దూరం, కానీ అక్కడ కొండవాలు కింద, గెడ్డ (వాగు) పక్కన కట్టిన ఇళ్లు వద్దు. వాన పడ్డ మర్నాడు వెళ్లి చూడండి, నీళ్లు ఎటు పోతున్నాయో తెలిసిపోతుంది. ఉక్క కూడా మామూలుగా ఉండదు, మేలో నాలుగు రోజులుంటే మా వాడికి ఒళ్లంతా చెమటకాయలు. ఇటు హైదరాబాద్‌లో ఎండాకాలం వస్తే మా అపార్ట్‌మెంట్‌కి రోజూ నీళ్ల ట్యాంకర్లే, కాబట్టి ఇక్కడేదో సుఖమని కాదు.

చదువు గురించి మాత్రం కాస్త ఓపిగ్గా చదవండి, ఎందుకంటే రాష్ట్రం మారే చాలామంది దీన్ని చూసుకోవడం లేదు. లోకల్, నాన్ లోకల్ సంగతి, అంటే సీట్లలో, ఉద్యోగాల్లో స్థానికులకని ఉంచే వాటా మన పిల్లలకి వర్తిస్తుందా లేదా అన్నది. విభజన చట్టం ప్రకారం పదేళ్లపాటు ఉన్న ఉమ్మడి అడ్మిషన్ల గడువు 2024 జూన్ 2తో ముగిసింది. తెలంగాణలో ఎంబీబీఎస్ లోకల్ కోటాకి 9వ తరగతి నుంచి ఇంటర్ దాకా వరుసగా నాలుగేళ్లు ఇక్కడే చదివి ఉండాలనే నిబంధనని 2025 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు సమర్థించింది. తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగాలకైతే 1 నుంచి 7వ తరగతి దాకా ఎక్కడ చదివారో స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. అంటే మా అమ్మాయి రెండో తరగతి నుంచి విశాఖలో చదివితే రేపు తెలంగాణలో ఆ ఉద్యోగాలకి నాన్ లోకల్ అవుతుంది. ఆరేళ్ల పిల్లకి ఇప్పటినుంచే ఇదంతా ఎందుకు అని మా ఆయన అన్నారు, కానీ పదహారేళ్లకి దానికి తెలిసి అడిగితే మనం ఏం చెప్తాం? మా ఊరు అటే కాబట్టి వెళ్తే అక్కడే స్థిరపడాలని అనుకున్నాం, అందుకే మాకు ఇది అడ్డం కాలేదు. మీది వరంగలో కరీంనగరో అయితే ఇదే లెక్కతో మీ ఊరి వైపు చూడండి, కనీసం రాష్ట్రం మారే ఇబ్బంది ఉండదు. ఎవరైనా సరే 8వ తరగతి అయ్యాక ఇటూ అటూ మార్చకండి. స్టడీ సర్టిఫికెట్, టీసీ వెళ్లేటప్పుడే తీసుకుని దాచుకోండి. సిలబస్ గొడవ సీబీఎస్ఈ పిల్లలకి పెద్దగా లేదు, స్టేట్ సిలబస్ అయితే రెండు రాష్ట్రాల పుస్తకాలూ వేరు.

మిగతావి చిన్నవి. ఆధార్‌లో అడ్రస్ వెంటనే మార్చుకోండి, ఇక్కడ మహాలక్ష్మి, అక్కడ స్త్రీ శక్తి, బస్సులో ఉచితంగా వెళ్లాలంటే ఆ రాష్ట్రపు గుర్తింపు కార్డు చూపించాలి. నాకు నెలకోసారి హైదరాబాద్ రావడానికి రాత్రికి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఉంది, పగలైతే వందేభారత్‌లో ఎనిమిదిన్నర గంటలు. సంక్రాంతికి 60 రోజుల ముందు పొద్దున్నే ఫోన్ పట్టుకుని టికెట్ల కోసం కూర్చునే పని తప్పుతుంది, సిరిమానోత్సవానికి పిల్లల్ని మేడమీంచి కాకుండా వాళ్ల తాత భుజం మీంచి చూపించొచ్చు. నాకు ఇది చిన్న విషయం కాదు. మొన్న వీడియో కాల్‌లో మామగారు కథ చెబుతుంటే మధ్యలో నెట్ ఆగింది, అమ్మాయి ఫోన్ పక్కన పెట్టేసి కార్టూన్ పెట్టుకుంది, ఆయన అటువైపు ఇంకా చెబుతూనే ఉన్నారు.

హైదరాబాద్ వదిలితే అమ్మాయికి స్నేహితులు పోతారు, నాకూ ఆ పక్క ఫ్లాట్ ఆవిడ పోతుంది. ఆ బాధ ఉంది. ఇక్కడే కొత్తగా ఉద్యోగంలో ఎదుగుతున్నవాళ్లు, ఇద్దరూ రోజూ ఆఫీసుకి వెళ్లక తప్పనివాళ్లు, పిల్లల్లో ఎవరికైనా తరచూ పెద్ద వైద్యం అవసరమున్నవాళ్లు ఇక్కడే ఉండండి, ఆఫీసుకి దగ్గరగా ఇల్లు మారినా సగం సమస్య తీరుతుంది.

మేము మాత్రం మధురవాడలో 11 నెలల అద్దె ఒప్పందానికి ఒక ఇంటాయనతో మాట్లాడుకున్నాం, ఇల్లు కొనే మాట రెండేళ్ల దాకా ఎత్తకూడదని అనుకున్నాం. జూన్ 12న బడులు తెరిచేలోపు దిగిపోవాలి. ఆయన బదిలీ గురించి మేనేజర్ నోటిమాటగా సరేనన్నారట, హెచ్ఆర్ నుంచి లెటర్ ఇంకా రాలేదు. అది వచ్చాకే లారీకి అడ్వాన్స్ ఇస్తాం.