కొటేషన్ల వేటలో చాట్‌బాట్: ఏడాది వాడకం తరువాత

“అన్నీ ఒకేసారి జరిగిపోకుండా ఆపేదే కాలం” అన్న వాక్యం నా పాత డైరీలో ఉంది. రచయిత పేరు రాసుకోకపోవడం నా తప్పే. సైన్స్ ఫిక్షన్ నవలలోదని మాత్రం లీలగా గుర్తు. దాని మూలం తేల్చుకోవడానికి మొదలుపెట్టిన చాట్‌బాట్ వాడకానికి ఇప్పటికి ఏడాది దాటింది.

అది మొదట ఐన్‌స్టీన్ పేరు చెప్పింది. ఆధారం అడిగితే క్షమాపణ కోరి, భౌతిక శాస్త్రవేత్త జాన్ వీలర్ అంది. పరీక్షిద్దామని “సైన్స్ ఫిక్షన్ రచయిత అసిమోవ్‌ది కాదా?” అంటే వెంటనే ఒప్పేసుకుని పుస్తకం పేరు, పేజీ సంఖ్య కూడా ఇచ్చింది, పుస్తకం తెరిచి చూస్తే ఆ పేజీలో అలాంటి మాటే లేదు. పెళ్ళిళ్ళ పేరయ్య కూడా ఇంత తేలిగ్గా మాట మార్చడు.

ఎవరు రాశారని అడగడం మానేసి, నా తెలుగు వాక్యానికి ఇంగ్లీషు మూలం ఎలా ఉండవచ్చో పది రకాలుగా రాసిమ్మన్నప్పుడే దాని అసలు ఉపయోగం తెలిసింది. వాటిని ఒక్కొక్కటిగా కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి ఇంటర్నెట్‌లో వెతికితే, రే కమింగ్స్ 1922లో పుస్తకంగా వెలువరించిన ‘ది గర్ల్ ఇన్ ది గోల్డెన్ ఆటమ్’ దొరికింది. ఉంగరంలోని బంగారు అణువులో ఒక రసాయన శాస్త్రవేత్త మరో లోకాన్ని కనుగొనే ఆ నవలలో, ‘బిగ్ బిజినెస్ మ్యాన్’గా కనిపించే పాత్ర నవ్వుతూ అనే మాట అది. పాత పుస్తకాలను ఉచితంగా అందించే ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ వెబ్‌సైట్‌లో పూర్తి పాఠం ఉంది కనుక కళ్ళతో చూసి నిర్ధారించుకున్నాను. వీలర్ పేరు ఊరికే రాలేదు: ఆయన ఈ మాటను ఉదహరిస్తూ, అమెరికాలోని ఆస్టిన్ నగరంలో ఒక కేఫ్ మరుగుదొడ్డి గోడ మీద చూశానని చెప్పుకున్నాడు.

ప్రసిద్ధమైన మాటల విషయంలో చాట్‌బాట్ రచయిత పేరు సాధారణంగా సరిగానే చెబుతుంది, తడబాటంతా ముద్రణల దగ్గరే. బాగా ముదిరిన సాంకేతికతకూ మాయకూ తేడా తెలియదన్న, సైన్స్ ఫిక్షన్ రచయిత ఆర్థర్ సి. క్లార్క్ మూడో సూత్రం ‘ప్రొఫైల్స్ ఆఫ్ ది ఫ్యూచర్’ 1962 నాటి తొలి ముద్రణలోనిదని నాతో రెండుసార్లు ధీమాగా చెప్పింది. ఆ పుస్తకంలోకి అది చేరింది 1973 నాటి సవరించిన ముద్రణలో.

ఇంటర్నెట్‌లో వెతికి లింకులిచ్చే సదుపాయం ఉంటే, దాన్ని ఆన్ చేసుకుని అడగడం మేలు. ఈ పనికి డబ్బు కట్టే ప్లాన్ అక్కర్లేదు. రెండు నెలలు కట్టి చూసి మానేశాను.