రగ్బీలో రెడ్‌కార్డు: ఆట ముగిసేదాకా వెలినా, 20 నిమిషాల శిక్షా?

2011 అక్టోబరు 15న ఆక్లాండ్‌లోని ఈడెన్ పార్కులో ప్రపంచకప్ సెమీఫైనల్. ఆట మొదలై 20 నిమిషాలైనా కాకముందే వేల్స్ కెప్టెన్ శామ్ వార్‌బర్టన్ ఫ్రాన్స్ వింగర్ విన్సెంట్ క్లెర్‌ను గాల్లోకి ఎత్తి వదిలేశాడు. రెఫరీ అలెన్ రోలండ్ నేరుగా రెడ్‌కార్డు తీశాడు. అంటే ఆట ముగిసేదాకా బహిష్కరణ, అతని బదులు మరొకరు దిగడానికీ లేదు. గంటకు పైగా 14 మందితో పోరాడిన వేల్స్ 8-9తో ఓడింది. ఒక్కడి తప్పుకు మిగతా 14 మంది ఆట ఆఖరి క్షణం దాకా మూల్యం చెల్లించాలా అన్న వాదన ఆ రాత్రి గట్టిగా వినిపించింది. ఇప్పటికీ చల్లారలేదు.

దానికి జవాబుగా వచ్చిందే 20 నిమిషాల రెడ్‌కార్డు. తప్పు చేసిన ఆటగాడు తిరిగి రాడు. కానీ 20 నిమిషాలయ్యాక అతని స్థానంలో మరొకరిని దింపి జట్టు మళ్లీ 15 మంది అవుతుంది. కావాలని కొట్టిన వాళ్లకు మాత్రం పాత పద్ధతిలో పూర్తి బహిష్కరణ ఉంటుంది. దక్షిణార్ధగోళంలో సూపర్ రగ్బీ లీగ్‌తో మొదలైన ఈ ప్రయోగం 2025 నాటికి యూరప్ జట్ల సిక్స్ నేషన్స్‌ టోర్నీ దాకా పాకింది. ఫ్రాన్స్ రగ్బీ సమాఖ్య దీన్ని 2024లో బాహాటంగా వ్యతిరేకించింది. నా మనసూ ఫ్రాన్స్ వైపే ఉంది. అయితే అవతలి పక్షం వాదనలో బలం లేదని మాత్రం అనను.

వాళ్లకు అతి పెద్ద ఆసరా 2022 మార్చిలో ట్వికెన్‌హామ్‌లో జరిగిన మ్యాచ్. ఐర్లాండ్‌పై ఇంగ్లండ్ ఆటగాడు చార్లీ ఈవెల్స్ 82 సెకన్లకే మైదానం వీడాల్సి వచ్చింది. అయినా ఇంగ్లండ్, రెండు జట్లూ గుంపుగా తలపడి తోసుకునే స్క్రమ్‌లో ప్రత్యర్థిని వణికించి, గంట ఆట గడిచేసరికి 15-15తో సమంగా నిలిచింది. తర్వాత కాళ్లు బరువెక్కాయి. 15-32తో ఓడింది. చివరి 20 నిమిషాల్లో మనం చూసింది నైపుణ్యాల పోటీ కాదు, అలసిపోయిన జట్టు కూలిపోవడం. కొత్త నిబంధన అప్పుడే ఉంటే 22వ నిమిషానికల్లా ఇంగ్లండ్‌కు 15 మంది ఉండేవారు.

రెండో ఆసరా, రెఫరీ పొరపాటు. 2023 మార్చిలో డబ్లిన్‌లో ఇంగ్లండ్ ఫుల్‌బ్యాక్ ఫ్రెడ్డీ స్టీవర్డ్‌కు విరామానికి ముందు రెడ్‌కార్డు పడింది. ఐర్లాండ్ 29-16తో గెలిచింది. తర్వాత క్రమశిక్షణ సంఘం ఆ రెడ్‌కార్డును రద్దు చేసింది. ఆటగాడి పేరు మీద మచ్చ పోయింది కానీ ఆడేసిన 40 నిమిషాలు వెనక్కి రావు. 20 నిమిషాల పద్ధతిలో ఇలాంటి నష్టం సగానికి తగ్గుతుంది. ఈ మాటకు నా దగ్గర పూర్తి సమాధానం లేదు. అదే ఏడాది వేసవిలో వచ్చిన ‘బంకర్’ పద్ధతి కొంత మేలు చేసింది. రెఫరీ ఎల్లోకార్డు చూపి ఆటగాడిని పది నిమిషాలు బయటికి పంపితే, ఆలోపే మరో అధికారి వీడియోలు తిరగేసి శిక్ష పెంచాలో వద్దో తేలుస్తారు. 80 వేల మంది అరుపుల మధ్య కంటే నిశ్శబ్దమైన గదిలో తీర్పు ఇవ్వడం మెరుగు.

ఇక ‘రెడ్‌కార్డు పడితే మ్యాచ్ చచ్చిపోతుంది’ అనే మాటను మాత్రం ఒప్పుకోలేను. 2023 సెప్టెంబరులో ప్రపంచకప్‌లో భాగంగా మార్సేలో అర్జెంటీనాపై మూడో నిమిషంలోనే ఇంగ్లండ్ ఆటగాడు టామ్ కర్రీ బయటికి వెళ్లాడు. బంకర్ ఆ కార్డును ఎరుపుగా మార్చింది. మిగిలిన 14 మందీ ఆట తీరునే మార్చేశారు. బంతి చేతికొస్తే కాలితోనే పని. జార్జ్ ఫోర్డ్ మూడు డ్రాప్ గోల్స్ (ఆట నడుస్తుండగా బంతిని నేలకు తాకించి తన్నే గోల్స్), ఆరు పెనాల్టీలతో మొత్తం 27 పాయింట్లూ తానే చేశాడు. ఇంగ్లండ్ 27-10తో గెలిచింది. ఒక మనిషి తక్కువైనప్పుడు జట్టు ఎలా ఆలోచించాలో నేర్పిన ఆట అది. ఆ అక్టోబరులో పారిస్‌లో జరిగిన ఫైనల్లో న్యూజిలాండ్ కెప్టెన్ శామ్ కేన్ ప్రత్యర్థి తలకు తగిలేలా ట్యాకిల్ చేసి (బంతి ఉన్నవాడిని పట్టి ఆపడం) మొదటి సగంలోనే రెడ్‌కార్డుతో వెళ్లిపోయినా, రెండో సగంలో దక్షిణాఫ్రికాకు ఒక్క పాయింటూ దక్కలేదు. 11-12తో ఓడినా, రెండు గురితప్పిన కిక్కుల్లో ఒక్కటి పడి ఉంటే కప్పు చేతులు మారేది.

అదే ఫైనల్లో దక్షిణాఫ్రికా కెప్టెన్ సియా కొలిసి కూడా ప్రత్యర్థి తలకు తన తల తగిలించాడు. అతనికి ఎల్లోకార్డుతోనే సరిపోయింది. శిక్ష మరీ బరువైతే తీర్పరి చెయ్యి వెనకాడుతుందని, తేలికైతే అందరికీ ఒకే కొలత వస్తుందని కొందరంటారు. కావచ్చు. కానీ ఆ కొలత దేనికోసం? 2003లో ప్రపంచకప్ గెలిచిన ఇంగ్లండ్ హుకర్ స్టీవ్ థాంప్సన్, ఆటలో తగిలిన తలదెబ్బల వల్ల తనకు ఆ విజయం గుర్తే లేదని చెప్పాడు. ముల్లు వచ్చి ఆకుమీద పడినా, ఆకు వెళ్లి ముల్లుమీద పడినా చిరిగేది ఆకే. ట్యాకిల్ చేసేవాడి ఉద్దేశం ఏదైనా, దెబ్బ తగిలేది మెదడుకు. ఉద్దేశాన్ని బట్టి శిక్షను చీల్చే కొత్త నిబంధన ఈ విషయాన్నే పక్కన పెడుతోంది.

పైగా లెక్క వేసి చూడండి. 30వ నిమిషంలో కార్డు పడితే 50వ నిమిషంలో కొత్త మనిషి దిగుతాడు. కోచ్‌లు ఎలాగూ బెంచ్ మీది వాళ్లను దింపే వేళ దాదాపు అదే. దక్షిణాఫ్రికా ఆ ఫైనల్‌కు బెంచ్ మీద ఏడుగురు ఫార్వర్డ్‌లను (స్క్రమ్‌లో తోసే భారీ ఆటగాళ్లను) కూర్చోబెట్టింది. అంత బలగం ఉన్న జట్టుకు 20 నిమిషాలు ఓర్చుకోవడం పెద్ద కష్టం కాదు. అలాంటప్పుడు ట్యాకిల్ నడుము కిందికి దించమని కోచ్ సాధనలో ఎందుకు పట్టుబడతాడు?

అటువైపు దెబ్బ తిన్నవాడిని చూడండి. తల పరీక్షలో విఫలమైతే అతను ఆ రోజు తిరిగి ఆడడు. అతని జట్టూ బెంచ్ మీది ఒకరిని వాడుకోవాల్సిందే. 20 నిమిషాలు గడిచాక తల పగలగొట్టిన జట్టుకూ, తల పగిలిన జట్టుకూ లెక్క సమం: చెరొక 15 మంది, చెరొకరు బయట.