చెస్ క్లాసులల్ల "గేమ్ అనాలిసిస్ రిపోర్ట్"కు పైసలు కట్టేముందు జెర ఇది సదువుండ్రి

నల్లగొండల పిల్లల్ని చెస్ క్లాసుకు పంపే తల్లిదండ్రుల కోసం రాస్తున్న. క్లాక్ టవర్ దిక్కు ఫ్లెక్సీ చూసి ఐదో తరగతి సదివే మావోన్ని ఒక సెంటర్ల చేర్పించిన. పేరు రాస్తలేను. మూడు నెలలకు 6,500. క్లాసు సంగతి అంతంత మాత్రమే, దాని జోలికి పోను. నాకు మండింది గేమ్ అనాలిసిస్ రిపోర్ట్ పేరు మీద మీదికెళ్లి తీసుకున్న 1,500 కాడ. "బాబు ఆడిన ఆటలు మేమే కూసోని చూస్తం, ఎక్కడ తప్పు జేసిండో రాసిస్తం" అన్నరు.

వచ్చిందేంది? వాట్సాప్‌ల 14 పేజీల పీడీఎఫ్. ఎత్తు ఎత్తుకు పక్కన ఎవరిది పైచెయ్యో చెప్పే +0.4, -2.1 అసొంటి అంకెలు, ఎర్ర రంగుల "బ్లండర్" (పెద్ద తప్పు). మనిషి రాసిన మాట ఒక్కటి లేదు. ఒక ఆటల మావోడు నల్లపావులు ఆడిండు, సలహాలేమో తెల్లపావులోనికి ఉన్నయి! అడిగితే "సిస్టం ఎర్రర్ అన్నా" అన్నడు సెంటరాయన.

గదే లెక్క లీచెస్ అనే చెస్ వెబ్‌సైట్‌ల ఒక్క పైస లేకుంట వస్తది, యాడ్లు గూడ ఉండవు. స్కోర్‌షీట్ (ఆడిన ఎత్తులు రాసుకునే కాయితం) చూసుకుంట ఎత్తులు ఎక్కించి అనాలిసిస్ నొక్కితే స్టాక్‌ఫిష్ ఇంజిన్ (చెస్ ఎత్తులు లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రాం) తప్పులన్ని పట్టిస్తది. "తప్పుల నుంచి నేర్చుకో" అనే బటన్ ఒత్తితే తప్పు జేసిన కాడ ఆపి, మంచి ఎత్తు పిల్లగాన్నే ఎతకమంటది.

కాని కంప్యూటర్ కంటే ముందు జేసే పని ఇంకోటుంది. ఒక ఆదివారం బోర్డు పెట్టి, వాడు ఓడిన ఆటలు వానితోనే మళ్ల ఆడిపిచ్చిన. "ఈడ ఏమనుకున్నవ్ రా?" అని ఎత్తు ఎత్తుకు అడుగుడే నా పని, నాకు ఆట అంతగనం రాదు. మూడు ఆటలల్ల ఒక్కటే కథ. అవతలోడు గుర్రాన్ని జీ5 (బోర్డు మీద గడి పేరు) మీదికి తెస్తడు, మావోడు డీ5కు బంటు జరుపుతడు, దాన్ని వాడు కొడితే వీడు గుర్రంతోని తిరిగి కొడతడు. అంతే, అవతలోడు ఎఫ్7 కాడ గుర్రాన్ని బలిచ్చి రాజును బయటికి గుంజుతడు. క్వీన్ ఎఫ్3కు వచ్చి చెక్, అదే దెబ్బకు డీ5 గుర్రం మీద గూడ కన్ను. మూడోసారి చూసినంక మావోడే అన్నడు: "నాయినా, బంటును కొట్టకుంట ఇంకో గుర్రాన్ని ఏ5కు జరుపుకుంటే సరిపోతుండె." ఆ 14 పేజీలల్ల ఈ ముక్క యాడ లేదు.

ఇంకో మోసం సర్టిఫికెట్. "ఫిడే స్థాయి రేటింగ్ 1200" అని అచ్చేసిచ్చిన్రు. ఫిడే అంటే ప్రపంచ చెస్ సంస్థ, రేటింగ్ అంటే ఆటగాని బలం చెప్పే అంకె. 2024 మార్చి నుంచి ఫిడే లిస్టుల 1400 కంటే తక్కువ రేటింగే లేదు. మొదటి రేటింగ్ రావాలంటే ఫిడే గుర్తింపున్న టోర్నమెంట్లల్ల, రేటింగ్ ఉన్నోళ్లతోని కనీసం 5 ఆటలు ఆడాలె. క్లాసు గదిల కూసుంటే వచ్చేది కాదు.

పైసలు వాపస్ అడిగిన, ఫోన్ ఎత్తుడు బంద్ జేసిన్రు. 1915 కన్జ్యూమర్ హెల్ప్‌లైన్‌కు జేస్తే ఫిర్యాదు రాసుకున్నరు, రసీదు అడిగిన్రు. నాకాడ ఫోన్‌పే స్క్రీన్‌షాట్ తప్ప ఏం లేదు, అది గూడ ఎవరిదో సొంత నంబర్ మీద. మీరు కడితే రసీదు అడిగి తీసుకోండ్రి. పాత రిపోర్ట్ ఒకటి సూపియ్యమనుండ్రి, అండ్ల మనిషి రాసిన మాట ఉన్నదా లేదా చూడుండ్రి.

ఫ్లెక్సీ మళ్ల కట్టిన్రు. ఇదే రిపోర్ట్ కొన్నోళ్లు, రసీదు ఉన్నోళ్లు ఎవరన్న ఉంటే మెసేజ్ పెట్టుండ్రి. జిల్లా కన్జ్యూమర్ కమిషన్‌కు కలిసే పోదాం.