ఆన్‌లైన్ కోర్సు పేజీలు చేయించుకునేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి: 1,88,800 రూపాయలు పోసి నేను కొన్నది ఒక తాయెత్తు

కోపం చల్లారాక రాస్తే మర్యాదగా రాస్తాను. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

ఎవరి గురించో మీకు వేరే చెప్పనక్కరలేదు. పోయిన వేసవిలో దూరవిద్య విభాగాలన్నీ తిరిగి, నిగనిగలాడే కరపత్రాలు పంచి, "మీరు పాఠం ఇవ్వండి, మిగతాది మాకు వదిలేయండి" అన్నవాళ్లే. వదిలేశాను. మా ఎం.ఏ. తెలుగు ఆన్‌లైన్ కోర్సుకు వీడియో, పాఠం, చర్చ, పరీక్ష, నాలుగు భాగాలకూ పేజీలు వాళ్లే చేశారు. 1,60,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. బిల్లులో ఒక వరుస ఇలా ఉంది: "దివ్యాంగులకు సౌలభ్యం, అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం: 25,000". ఏ ప్రమాణం, ఏ స్థాయి అని నేను అడగలేదు. అడగకపోగా, ఆ వరుస చూసి మురిసిపోయాను.

నిన్న మొదటి పరీక్ష. మా విద్యార్థినుల్లో ఒకమ్మాయికి చూపు లేదు. ఎన్‌వీడీఏ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెర మీద ఉన్నది చదివి వినిపిస్తుంటే, మౌస్ జోలికి పోకుండా కీబోర్డుతోనే అన్నీ చేసుకుంటుంది. పేజీ మాట వినడం లేదని ముందురోజు ఫోన్ చేస్తే, విభాగానికి వచ్చేయమన్నాను. పక్కన కూర్చున్నాను. ఇయర్‌ఫోన్ తీసేసి నాకు కూడా వినిపించేలా పెట్టింది.

"బటన్. బటన్. బటన్. బటన్."

అంతే. ఏ బటనో ఏమీ లేదు. కళ్లున్నవాళ్లకు అక్కడ చక్కటి బొమ్మలున్నాయి, వాటికి పేర్లు పెట్టడం మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. ఎలాగో ప్రశ్న దగ్గరికి చేరింది. కవులను కావ్యాలతో జతపరచాలి. కవి పేరును మౌస్‌తో పట్టుకుని లాగి, కావ్యం మీద వదలాలి. కీబోర్డుతో ఆ పేరు కదలదు. టాబ్ నొక్కింది, ఎంటర్ నొక్కింది, బాణం గుర్తులు నొక్కింది. పైన మూలన గడియారం పరుగెడుతున్న సంగతి నాకు కనిపిస్తోంది, ఆమెకు ఎవరూ చెప్పడం లేదు. పన్నెండు నిమిషాలు కాగానే పేజీ మూసుకుపోయింది. ఇరవైకి సున్నా. సమాధానాలన్నీ ఆమెకు నోటికి వచ్చు.

సరే, పాఠమైనా చూద్దామని మూడో యూనిట్ తెరిచాం. నాలుగు క్షణాలు విని, "మేడమ్, ఇది ఏ భాష?" అని అడిగింది. తిక్కన పద్యం తల్లీ అది! గొంతు మాత్రం ఏవో ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా చదువుతోంది. ఒక పంక్తి కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పెడితే అప్పుడు అర్థమైంది. నేనిచ్చింది యూనికోడ్ ఫైలు. వీళ్లు అందం కోసం దాన్ని డీటీపీలో వాడే అను ఫాంటులోకి మార్చి పీడీఎఫ్ చేశారు. ఆ ఫాంటు పెళ్లిపత్రికకు బంగారం, కాదనను. కానీ లోపల ఉన్నవి తెలుగు అక్షరాలు కావు, పైకి తెలుగులా కనిపించే వేరే గుర్తులు. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచి ఉంది. నేను చక్కగా టైపు చేసి ఇచ్చినదాన్ని డబ్బు తీసుకుని మరీ చెడగొట్టారు.

అక్కడే కూర్చుని ఆ పేజీలు అమ్మిన కంపెనీ ఆయనకు ఫోన్ చేశాను, స్పీకర్ పెట్టి. అదొక్కటి చేయకుండా ఉండాల్సింది. ఆయన అంతా విని, తాపీగా అడిగాడు: "మొత్తం ఎంతమంది మేడమ్, అలాంటివాళ్లు?"

ఒకరు అన్నాను.

"ఒక్కరా! ఒక్కరి కోసం ఇంత హడావిడి ఎందుకండీ? పరీక్షప్పుడు పక్కన ఎవరినైనా కూర్చోబెట్టండి, మౌస్ పట్టుకోవడానికి."

ఆమె పక్కనే ఉంది. నా ముఖం ఎలా మారిందో ఆమెకు కనిపించకపోవచ్చు, నా నోట మాట రాలేదని మాత్రం తెలిసి ఉంటుంది. ఫోన్ వైపు వంగి, "సార్, నేను డిగ్రీ ఎవరినీ పక్కన కూర్చోబెట్టుకోకుండానే చదివాను" అంది. అటు నుంచి రెండు క్షణాల మౌనం. తర్వాత ఆయన నాతోనే మాట్లాడాడు, ఆమెతో కాదు: "అయినా మేడమ్, మనం ఐకాన్ ఇచ్చాం కదా."

ఆ ఐకాన్ గురించి చెప్పాలి. పేజీ మూలన తేలుతూ ఒక నీలం రంగు చక్రాల కుర్చీ బొమ్మ. నొక్కితే అక్షరాలు పెద్దవవుతాయి, రంగులు తిరగబడతాయి. దాని ఖరీదే ఆ 25,000. ఇంట్లో గోడలు పగిలి ఉంటే గుమ్మానికి గుమ్మడికాయ కట్టినట్టు. ఇలాంటి బిళ్ల తగిలించగానే సైటు ప్రమాణాలకు సరిపోతుందని ప్రచారం చేసుకున్న ఒక కంపెనీ చేత అమెరికా వాణిజ్య కమిషన్ 2025లో పది లక్షల డాలర్లు కట్టించింది. ఈ సంగతి నాకు ఈ రాత్రి తెలిసింది. కొనకముందు తెలుసుకోవడానికి అయిదు నిమిషాలు చాలేవి.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం మాట ఎత్తితే, "అవి ప్రభుత్వ సైట్లకండీ" అన్నాడు. మాది ఏమిటనుకున్నాడో మరి. డిజిటల్ సౌలభ్యం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లోనే చెప్పిందన్నాను. "మెయిల్ పెట్టండి, కొత్త కొటేషన్ పంపిస్తాం" అన్నాడు. కొటేషన్!

తప్పు నాది కూడా. జులైలో ప్రొజెక్టర్ మీద చూపించినప్పుడు చప్పట్లు కొట్టినవాళ్లలో నేనే ముందు. తెల్లటి పేజీ మీద లేత బూడిద అక్షరాలు చూసి "ఎంత హుందాగా ఉందో" అన్నాను. నిన్న కొలిస్తే అక్షరాలకూ పేజీకీ మధ్య రంగుల తేడా (కాంట్రాస్ట్ నిష్పత్తి) 2.3, ఉండాల్సింది కనీసం 4.5. బస్టాపులో ఎండలో ఫోన్ చూసుకునే పిల్లలకు కళ్లున్నా కనిపించదు. ఒక్క పేజీలో పద్నాలుగు చోట్ల "ఇక్కడ నొక్కండి" అని ఉంది. లింకుల జాబితా తెరిస్తే ఆమెకు ఆ ఒక్క మాటే పద్నాలుగు సార్లు వినిపించింది. పని పూర్తయిందని సంతకం పెట్టింది నేనే. డబ్బు మొత్తం ఇచ్చేశాను, పైసా ఆపలేదు.

కొనేవాళ్లు ఒప్పందంలో వెబ్ పేజీల సౌలభ్యానికి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం పేరు, "డబ్ల్యూసీఏజీ 2.1, ఏఏ స్థాయి" అని అక్షరాలా రాయించుకోండి. చూపు లేని విద్యార్థి ఒకరు వాడి చూసేదాకా సగం డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి. తెలుగు పంక్తి ఒకటి కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పెట్టి చూడండి.

శనివారం మీలో కొందరి కాలేజీకి ఇదే ప్రదర్శనతో వస్తున్నాడట. ప్రొజెక్టర్ వెలిగించేలోపు ఆయన మౌస్ తీసి మీ సంచిలో వేసుకోండి.