మందపాటి పిడి డంబెల్: థామస్ ఇంచ్ సవాలుకు ఎంత దగ్గర?

పాతకాలపు బలశాలులు వాడిన పరికరాల నమూనాలో తయారైన వ్యాయామ సామగ్రి ఈమధ్య విరివిగా దొరుకుతోంది. వాటిలో ఒకటైన, ప్లేట్లు ఎక్కించుకునే మందపాటి పిడి డంబెల్‌ను కొంతకాలంగా వాడుతున్నాను. బ్రిటిష్ బలశాలి థామస్ ఇంచ్ వాడిన ప్రసిద్ధమైన సవాలు డంబెల్‌కు ఇది అచ్చమైన ప్రతిరూపమని తయారీదారులు పెట్టె మీద వేసుకున్నారు. చేతిపట్టు పెంచుకునే సాధనంగా దీనికి మంచి మార్కులే వేస్తాను గానీ, ప్రతిరూపమన్న మాటను మాత్రం ఒప్పుకోలేను.

ఇంచ్ (1881–1963) డంబెల్ బరువు 78 కిలోలు, అంటే సుమారు 172 పౌండ్లు. దాన్ని ఒంటిచేత్తో తలపైకి ఎత్తినవారికి 200 బ్రిటిష్ పౌండ్ల బహుమతి ఇస్తానని ఆయన సవాలు చేసేవాడు. ఆ కాలపు ఘనకార్యాల పక్కన పెట్టి చూస్తే 78 కిలోలు పెద్ద అంకె కాదు. జర్మన్ బలశాలి ఆర్థర్ శాక్సన్, ఒంటిని పక్కకు వంచుతూ బరువును పైకి లేపే బెంట్ ప్రెస్ పద్ధతిలో ఒంటిచేత్తో 168 కిలోల దాకా తలపైకి లేపాడు. మరో జర్మన్ బలశాలి హెర్మన్ గోర్నర్ 1920లో లైప్‌జిగ్‌లో ఒంటిచేత్తో 330 కిలోల డెడ్‌లిఫ్ట్ (నేల మీది బరువును నిలబడేదాకా పైకి లేపడం) చేసినట్టు నమోదైంది. అలాంటి రోజుల్లో కూడా ఇంచ్ డంబెల్ దగ్గర ఉద్దండులు తడబడటానికి కారణం పిడిలోనే ఉంది. దాని వ్యాసం సుమారు 60 మిల్లీమీటర్లు. నేటి ఒలింపిక్ బార్‌బెల్‌లో పురుషుల బార్ మందం 28 మిల్లీమీటర్లే కాబట్టి బొటనవేలు మిగతా వేళ్ల మీదుగా వచ్చి తాళం వేసినట్టు బిగుస్తుంది. 60 మిల్లీమీటర్ల పిడి మీద బొటనవేలికి, చూపుడువేలికి మధ్య ఖాళీ మిగిలిపోతుంది. భారమంతా సగం తెరుచుకున్న వేళ్ల మీదే పడుతుంది. పైగా ఇంచ్ డంబెల్‌లో రెండు గోళాలు, పిడి కలిపి ఒకే ఇనుప ముద్ద. నేల విడిచే క్షణంలో అది వేళ్ల కొసలవైపు దొర్లడం మొదలుపెడితే అంత ఇనుమూ ఒక్కసారిగా తిరుగుతుంది, ఇక దాన్ని ఆపడం చాలా కష్టం.

ఈ రెండు కష్టాల్లో మొదటిదాన్ని నేను కొన్న పరికరం నిజాయితీగానే అందిస్తుంది. కాలిపర్స్‌తో కొలిస్తే పిడి ఈ చివర నుంచి ఆ చివర దాకా 60 మిల్లీమీటర్లే ఉంది. వెల్డింగ్ అతుకులు నున్నగా రుద్ది ఉన్నాయి. గరుకు గీతలు వేయకుండా పలుచని రంగుతో సరిపెట్టడం కూడా మంచి నిర్ణయమే, ఎందుకంటే గీతలుంటే చర్మం చేయాల్సిన పనిలో సగం అవే చేసిపెడతాయి. ఎత్తేటప్పుడు ముందుగా చిటికెనవేలు సడలుతుంది, ఆ వెంటనే పిడి ఉంగరపు వేలి మొదటి కణుపు మీదికి జారుతుంది, అప్పటికి బొటనవేలి మొదట్లో ఉన్న కండ ఒంటరిగా పోరాడుతుంటుంది. మామూలు డెడ్‌లిఫ్ట్‌లు ఎన్ని చేసినా ఆ కండకు ఇంత పని పడదు.

రెండో కష్టం దగ్గరే తేడా వస్తుంది. ప్లేట్ల రంధ్రానికీ, అవి కూర్చునే స్లీవ్‌కూ మధ్య కంటికి కనిపించేంత సందు ఉంది. ప్లేట్లు కదలకుండా బిగించే కాలర్లు వదులుగా ఉంటే, పైకెత్తగానే ప్లేట్లు చిన్న చప్పుడుతో కిందికి జారి పిడికి కాస్త దిగువన వేలాడతాయి. పిడి దొర్లినా అవి దానితోపాటు పూర్తిగా తిరగవు. కాలర్లు గట్టిగా బిగిస్తే మొత్తం ఒకే ముద్దలా తిరుగుతుంది, అదే బరువు అప్పుడు స్పష్టంగా కష్టమవుతుంది. తయారీదారులు ఇచ్చిన స్ప్రింగు క్లిప్పులు ఆ పట్టు ఇవ్వలేకపోతున్నాయి. స్క్రూతో బిగించే కాలర్లు విడిగా కొనుక్కుని, స్లీవ్‌కు గుడ్డ టేపు చుట్టి సందు పూడ్చిన తరువాతే ఇది ఇంచ్ సవాలు స్వభావానికి కొంత దగ్గరైంది. అయినా ఒకే పోతలో వచ్చిన ఇనుముకు ఇది సాటి రాదు.

పెట్టెలో వచ్చిన చిన్న పుస్తకం గురించి కూడా చెప్పాలి. అందులో ప్రాచీన గ్రీకు నగరం క్రోటాన్‌కు చెందిన మైలో రోజూ దూడను మోస్తూ, అది ఎద్దు అయ్యేదాకా మోశాడన్న కథను చరిత్రగా రాశారు. క్రీ.పూ. 6వ శతాబ్దంలో అతను ప్రాచీన ఒలింపిక్ క్రీడలు జరిగిన ఒలింపియాలో ఆరుసార్లు గెలిచిన మల్లయోధుడన్నది వేరు, దూడ కథ వేరు. ప్రాచీన గ్రీసు నుంచే ఉదాహరణ కావాలనుకుంటే ఒలింపియాలో దొరికిన 143.5 కిలోల రాయి ఉండనే ఉంది. బైబన్ అనే వ్యక్తి దాన్ని ఒంటిచేత్తో తలమీదుగా ఎత్తాడని రాతి మీదే చెక్కి ఉంది. (రాతి మీద చెక్కినంత మాత్రాన నమ్మి తీరాలని లేదనుకోండి.) ఇంచ్ దగ్గర అదే రూపంలో తక్కువ బరువున్న డంబెళ్లు కూడా ఉండేవన్న సంగతి పుస్తకంలో ఎక్కడా లేదు. ఆయన ప్రదర్శనలను అంచనా వేసేటప్పుడు ఈ విషయం పక్కన పెట్టడం కుదరదు. అయితే ప్రచారాన్ని, శిక్షణను కలిపి అమ్మడం ఈ రంగానికి కొత్త కాదు. ఆ కాలపు మరో ప్రసిద్ధ బలశాలి యూజెన్ శాండో తన పేరుతో స్ప్రింగు డంబెళ్లు అమ్మాడు, ఇంచ్ స్వయంగా తపాలా ద్వారా వ్యాయామ పాఠాలు అమ్మాడు; ఈ పుస్తకం రాసినవారు వారి వారసులే.

వాడకం విషయంలో ఒక్క జాగ్రత్త అవసరం. దీన్ని వ్యాయామం చివర్లోనే పెట్టుకోవాలి; ముందే చేస్తే వేళ్లు అలసిపోయి, తరువాత ఎత్తే బార్‌బెల్ చేతిలో నిలవదు. బరువు పెంచే ముందు, ఉన్న బరువును కొన్ని క్షణాలపాటు దొర్లనివ్వకుండా పట్టుకోగలుగుతున్నామో లేదో చూసుకోవాలి.

అరచెయ్యి చిన్నదైనవారు ఇదే తయారీలో దొరికే 50 మిల్లీమీటర్ల రకాన్ని ఎంచుకోవడం మేలు. దాన్ని తక్కువగా చూడనవసరం లేదు. ఫ్రెంచి బలశాలి అపోలన్ పేరుతో ప్రసిద్ధమైన 166 కిలోల రైలు చక్రాల ఇరుసు మందం కూడా దాదాపు అంతే. 1948 ఒలింపిక్ హెవీవెయిట్ విజేత జాన్ డేవిస్ 1949లో దాన్ని తలపైకి లేపడానికి, ఒక చెయ్యి ముందుకు, ఒక చెయ్యి వెనక్కు తిప్పి పట్టుకుని, ఇరుసు గాలిలో ఉండగానే పట్టు మార్చుకోవలసి వచ్చింది.